22 వేల జీతంతో హైదరాబాద్ రావచ్చా? ముందు ఆ 22 వేలు ఏమిటో చూడండి

ప్రశ్న ఇదీ: "మాది శ్రీకాకుళం. ఐటీఐ టర్నర్ చేశాను. జీడిమెట్లలో సీఎన్‌సీ ఆపరేటర్ ఉద్యోగం ఉంది, నెలకి 22 వేలు, ఓటీ వేరే అంటున్నారు. భార్య, నాలుగేళ్ల పాప ఉన్నారు. వచ్చేయొచ్చా?"

రావచ్చు. కాకపోతే ముగ్గురూ ఒకేసారి విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కొద్దు. ముందు మీరొక్కరే రండి.

నాదీ మీ వైపే, పలాస దగ్గర. పదేళ్లు పైబడి జీడిమెట్ల, బాలానగర్ సీఎన్‌సీ (కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో లోహాన్ని కోసే మెషిన్లు) షాపుల్లోనే ఉన్నాను. ఆపరేటర్‌గా చేరాను, ఇప్పుడు సెట్టింగ్, అంటే కొత్త పనికి మెషిన్ సిద్ధం చేసే పని చేస్తున్నాను. మీ ప్రశ్నలో నన్ను భయపెట్టింది 22 వేలు కాదు, ఆ పక్కనున్న "ఓటీ (ఓవర్‌టైమ్) వేరే" అన్న ముక్క. ఈ ఏరియాలో కుర్రాళ్లు అప్పుల్లో పడేది తక్కువ జీతం వల్ల కాదు, ఓటీని జీతంలో కలిపేసి లెక్కలు వేసుకోవడం వల్ల. ఎవరేమన్నా నేను ఈ మాట మార్చుకోను.

కిందటేడాది చలికాలంలో మా పక్క మెషిన్ మీదికి విజయనగరం జిల్లా కుర్రాడొకడు కాంట్రాక్టరు ద్వారా వచ్చాడు. మంచి చేయి. మైక్రోమీటర్ పట్టుకునే తీరు చూస్తేనే తెలిసిపోతుంది, వీడు పని నేర్చుకుని వచ్చాడని. మొదటి జీతం పడిన రోజు పొద్దున నైట్ షిఫ్ట్ దిగి గేటు ముందు టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. ఫోన్ చూసుకుని మొహం మాడిపోయింది వాడికి. "అన్నా, నా డబ్బులు ఎవరో నొక్కీసినారన్నా" అన్నాడు. 22 వేలు అన్నవాళ్లు 16,051 వేశారు.

పే స్లిప్ తెరవమన్నాను. ఇన్‌స్పెక్షన్ షీట్ వెనక తిప్పి లెక్క రాశాను. వాడితో చెప్పిన 22 వేలు సీటీసీ, అంటే వాడి మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు. అందులో గ్రాస్, అంటే కోతలకి ముందు జీతం, 18,500. మిగతాదంతా కంపెనీ తన వాటాగా కట్టే పీఎఫ్ 1,690, ఈఎస్‌ఐ (ఉద్యోగుల వైద్య బీమా) 601, ఏడాదికోసారి ఇచ్చే బోనస్‌ని నెలకి విడగొట్టిన 1,083, ఇంకో వంద చిల్లర ఏదో ఇన్సూరెన్స్. ఈ డబ్బు ఆ నెల వాడి చేతికి రాదు. వచ్చే 18,500లోంచి మళ్లీ వాడి వాటా పీఎఫ్. బేసిక్ 13 వేలు కాబట్టి 12 శాతం లెక్కన 1,560. ఈఎస్‌ఐ 139. జీతం 15 వేలు దాటి 20 వేలలోపు ఉంటే తెలంగాణలో వృత్తి పన్ను 150. క్యాంటీన్ 600. అంతే, ఎవరూ నొక్కలేదు.

"మరి ఓటీ?" అన్నాడు. ఓటీ స్లిప్‌లో ఉండదురా, కాంట్రాక్టరు పదిహేనో తారీఖున చేతికిస్తాడు అని చెప్పాను. గంటకి 60 రూపాయలు. నిజానికి ఓటీకి మామూలు రేటుకి రెట్టింపు ఇవ్వాలన్నది 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం నుంచీ ఉన్న నియమం. వాడి 18,500ని 26 రోజులకి, 8 గంటలకి పంచితే గంటకి 89 అవుతుంది. రెట్టింపు 178. అంటే నాలుగు గంటల ఓటీకి ఇంచుమించు ఒక రోజు జీతం, 711 రూపాయలు రావాలి. వాడికిచ్చేది 240. రెట్టింపు సంగతి దేవుడెరుగు, మామూలు రేటు కూడా లేదు. ఈ లెక్క చెప్పేసరికి వాడు టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. ఇంతలో వాళ్లావిడ ఫోన్. స్పీకర్ వేయకపోయినా వినిపిస్తోంది, ఇంటి ఓనర్ మిగతా అడ్వాన్స్ అడుగుతున్నాడట.

అసలు గొడవ అక్కడుంది. చింతల్‌లో 9,500కి ఇల్లు తీసుకున్నాడు. 22 వేలు, ఓటీ ఆరు వేల పైన, మొత్తం 28 వేలు కదా, మూడో వంతు అద్దెకి పోతే ఏం అనుకున్నాడు. చేతికొచ్చే 16 వేల మీద చూస్తే అది సగానికి పైనే. తర్వాత రెండు నెలలకి మాకు పెద్ద కస్టమర్ ఒకరు షెడ్యూల్ తగ్గించారు, సగం మెషిన్లకి నైట్ షిఫ్ట్ ఆగిపోయింది. ఓటీ సున్నా. ఇల్లు ఖాళీ చేసి సూరారం వైపు వంటగది ఉన్న సింగిల్ రూమ్‌కి మారాడు. నాకు తెలిసి ఆ వైపు, జగద్గిరిగుట్ట వైపు 5,500 నుంచి 6,500 దాకా దొరుకుతున్నాయి. మీరూ అటే చూడండి. షాపూర్‌నగర్‌లో పేరున్న కాలనీలు, కూకట్‌పల్లి మన జీతానికి కావు. డిపాజిట్‌గా రెండు నెలల అద్దె అడుగుతారు, పిల్లలుంటే నీళ్లు ఎక్కువ ఖర్చవుతాయని ఇంకో రెండొందలు. ఒంటరిగా వస్తే బ్యాచిలర్లకి ఇల్లు ఇవ్వం అంటారు. ఈ ఓనర్లకి ఎవరు కావాలో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇంకో విషయం, దీన్ని ఎవరూ ముందు చెప్పరు. ఆంధ్ర నుంచి కుటుంబంతో వస్తే మీరు రెండు వైపులా పోగొట్టుకుంటారు. ఇక్కడ 200 యూనిట్ల లోపు ఉచిత కరెంటుకి తెలంగాణ రేషన్ కార్డు కావాలి. 2025 ఉగాది నుంచి మనిషికి ఆరు కిలోల సన్న బియ్యం ఇస్తున్నారు, అదీ ఇక్కడి కార్డుకే. బస్సులో ఆడవాళ్లకి జీరో టికెట్ కావాలంటే ఆధార్ మీద తెలంగాణ అడ్రస్ ఉండాలి. శ్రీకాకుళంలో 2025 ఆగస్టు 15 నుంచి మీ ఆవిడ బస్సులో ఊరికే తిరుగుతోంది కదా, ఇక్కడికొస్తే కూరగాయలకి వెళ్లినా టికెట్ కొట్టించుకోవాలి. చిన్న మొత్తాలే, కానీ 16 వేలలో చిన్న మొత్తం అంటూ ఉండదు. అడ్రస్ మార్పించుకుందామని వెళ్తే వేలిముద్ర పడదు. కూలెంట్‌లో (మెషిన్‌ని చల్లబరిచే ద్రవం) నాని, బర్‌కి (కోసిన లోహం మీది పదునైన అంచు) గీసుకుపోయి మన వేళ్ల మీద గీతలుంటే కదా! ఫ్యాక్టరీ పంచింగ్ మెషినే నన్ను రోజు మార్చి రోజు గుర్తుపట్టదు.

ఈఎస్‌ఐ గురించి కుర్రాళ్లు తిట్టుకుంటారు, ఊరికే కోస్తున్నారని. నా మాట వినండి, ఆ 139 రూపాయలే మీ జీతంలో అన్నిటికన్నా బాగా ఖర్చయ్యే డబ్బు. మా ఆవిడకి గాల్‌బ్లాడర్ ఆపరేషన్ సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆసుపత్రిలోనే అయింది. క్యూలో నిలబడ్డాం, విసుక్కున్నాం, కానీ జేబులోంచి పైసా తీయలేదు. అదే బయటైతే నా మూడు నెలల జీతం. ఇక్కడొక తిరకాసు ఉంది. 2017లో పెట్టిన పరిమితి ప్రకారం జీతం 21 వేలు దాటితే ఈఎస్‌ఐ పోతుంది. మధ్యలో దాటితే ఆ ఆరు నెలల గడువు, అంటే ఏప్రిల్ నుంచి సెప్టెంబరు లేదా అక్టోబరు నుంచి మార్చి, పూర్తయ్యేదాకా ఉంటుంది. అప్పటిదాకా కట్టిన డబ్బు మీద వైద్యం ఇంకొన్ని నెలలు నడుస్తుంది, ఆ తర్వాత కార్డు పనిచేయదు. 20,800 నుంచి 21,500కి పెరిగిందని స్వీట్లు పంచినవాళ్లని చూశాను. ఏడొందలు పెరిగింది, ఇంటిల్లిపాదికీ వైద్యం పోయింది. అలా దాటేటప్పుడు కంపెనీ మెడికల్ పాలసీ ఇస్తుందో లేదో గట్టిగా అడగాలి.

"సీఎన్‌సీ నేర్చుకుంటే నెలకి అరవై వేలు" అని రీల్స్ వస్తుంటాయి, వాటిని నమ్మకండి. జాబ్ (కోయాల్సిన లోహపు ముక్క) బిగించి, బటన్ నొక్కి, గేజ్ పెట్టి సైజు చూసి, పక్కన పెట్టేవాడికి ఎన్నేళ్లు చేసినా ఏడాదికి వెయ్యో పదిహేనొందలో పెరుగుతుంది. ఓనర్లు మాత్రం "పనోళ్లు దొరకట్లేదండీ" అని ఏడుస్తారు. గంటకి అరవై ఇస్తే ఎవరు దొరుకుతారు? డెలివరీ యాప్ మీద బండి తిప్పేవాడు దానికన్నా ఎక్కువ వస్తుందంటున్నాడు, పైగా వాడికి సూపర్‌వైజర్ ఉండడు. మన జీతం నిజంగా కదిలేది సెట్టింగ్ చేతికొచ్చాకే. కొత్త జాబ్‌కి జాస్ (జాబ్‌ని పట్టుకునే దవడలు) కట్ చేయడం, ఆఫ్‌సెట్ (టూల్ కొలత సరిచేసే అంకె) పట్టడం, ఇన్సర్ట్ (కోసే మొన) ఎప్పుడు మార్చాలో సైజు చూసి కాకుండా శబ్దం విని చెప్పడం, ప్రోగ్రామ్‌లో ఒక లైన్ మార్చి సైకిల్ టైమ్ తగ్గించడం. ఇవి వచ్చినవాడికి మా ఏరియాలో 28, 30 వేలు ఓటీ లేకుండానే ఇస్తున్నారు. బాలానగర్‌లో 1968 నుంచీ ఉన్న సీఐటీడీలో (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) సీఎన్‌సీ ప్రోగ్రామింగ్ షార్ట్ టర్మ్ కోర్సులు ఉంటాయి, కుదిరితే చేయండి. నాకైతే మా పాత సెట్టర్ నేర్పాడు, నైట్ షిఫ్ట్‌లో, టీలు నేను తెచ్చేట్టు ఒప్పందం మీద.

అందుకని, ముందు ఒక్కరే వచ్చి నలుగురితో రూమ్‌లో ఉండండి. మనిషికి రెండు వేలలో అద్దె తేలిపోతుంది. ఆరు నెలలు చూడండి. ఓటీ డబ్బుని ఇంటి అద్దెలో గానీ బండి ఈఎంఐలో గానీ కలపకుండా పక్కన పడేయండి. ఓటీ లేని ఒక నెల ఎలా గడుస్తుందో చూశాక ఇంట్లోవాళ్లని తెచ్చుకోండి. మీ ఆవిడ చేయగలిగితే ఇటువైపు ప్యాకింగ్ పనులు, టైలరింగ్ యూనిట్లు చాలా ఉన్నాయి, కానీ పాపని చూసుకునేవాళ్లు కావాలి. అందుకే మీ అమ్మగారు రాగలరో లేదో కూడా ఇప్పుడే మాట్లాడుకోండి.

హెచ్‌ఆర్‌కి ఇవాళే ఫోన్ చేసి 22 వేలు గ్రాసా, సీటీసీయా అని అడగండి. కంపెనీ రోల్ మీద తీసుకుంటున్నారా, కాంట్రాక్టరు కిందా అని అడగండి. ఓటీ గంటకి ఎంతో, అది స్లిప్‌లో పడుతుందో లేదో కూడా. నోటితో చెప్తే సరేనని పెట్టేయకుండా వాట్సాప్‌లో పంపమనండి. పంపడానికి వెనకాడితే సమాధానం వచ్చేసినట్టే, జీడిమెట్లలో ఇంకో గేటు చూసుకోవచ్చు.