బండి చూడ్డానికి వెళ్లేముందు

చిరంజీవి మేనకోడలికి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. మీ ఆఫీసు స్నేహితులు నలుగురూ నాలుగు మాటలు చెప్పి నీ బుర్ర వేడెక్కించారని అర్థమైంది. ఒకడు ఇంజన్ అంటే జపాన్ వాళ్లదే అంటాడు. ఒకడు రేకు మందంగా లేకపోతే అది కారే కాదంటాడు. ఇంకొకడు ఆ డబ్బుకే పదేళ్ల జర్మనీ బండి వస్తుంది కదా అని ఊరిస్తున్నాడు. నాలుగో అమ్మాయి డీజిల్ తప్ప వేరేది వద్దంటోంది. వాళ్లెవరూ చెడ్డవాళ్లు కాదు, బండి అంటే ప్రాణం పెట్టేవాళ్లు. కానీ నువ్వు మియాపూర్‌లో చూసొచ్చిన ఆ 2018 పెట్రోల్ బండి దగ్గరికి వెళ్లి, కింద వంగి చూసినవాడు ఈ నలుగురిలో ఒక్కడూ లేడు. నా దిగులంతా అదే.

ఇలాంటి వాదనలు నాకు కొత్త కాదు తల్లీ. నేను విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డులో చేరిన రోజుల్లో టీ కొట్టు దగ్గర అంబాసిడర్ వాళ్లు ఒక బల్ల, ఫియట్ వాళ్లు ఒక బల్ల. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక రెండు బల్లలూ ఒకటైపోయి దాన్ని తిట్టడం మొదలుపెట్టాయి. అగ్గిపెట్టె అన్నారు, ప్రకాశం బ్యారేజీ మీద గాలికి ఎగిరిపోతుందన్నారు. ముప్ఫై ఏళ్లు తిరిగింది ఆ అగ్గిపెట్టె. చివరికి అదీ, అంబాసిడరూ ఒకే ఏడాది, 2014లో ఆగిపోయాయి. ఆ వాదనల్లో నేనూ గొంతు చించుకున్నవాణ్నే, అందులో ఉన్న ఆనందం నాకు తెలుసు. అందుకే నీ స్నేహితుల మాటలు వినొద్దని చెప్పను. విను, కానీ ప్రతివాణ్నీ ఒక ప్రశ్న అడుగు: "నీ బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఇప్పటిదాకా ఏమేం మార్పించావు, ఎంతైంది?" లక్ష కిలోమీటర్లు సొంతంగా తిప్పి, క్లచ్ ప్లేట్లు ఎప్పుడు మార్పించాడో గుర్తున్నవాడి మాట పట్టుకో. మిగతావాళ్లతో టీ తాగు.

ఇక వాళ్ల వాదనల్లో నీకు పనికొచ్చేది ఎంతో చెబుతాను.

నీది రోజుకు పాతిక, ముప్ఫై కిలోమీటర్లు, అదీ ట్రాఫిక్‌లో. డీజిల్ వద్దు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 అనే కొత్త పొగ నిబంధనల ప్రకారం వచ్చిన డీజిల్ బండ్లలో పొగ గొట్టానికి మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడూ హైవే మీద కాస్త వేగంగా, ఆగకుండా పోవాలి. సిగ్నల్‌కూ సిగ్నల్‌కూ మధ్య పాకే బండికి ఆ అవకాశం దొరకదు. ఫిల్టర్ మూసుకుపోతుంది, లైటు వెలుగుతుంది, బిల్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. ఆ అమ్మాయి వారం వారం ఊరెళుతుందేమో, ఆమెకు డీజిల్ సరిపోయింది. నీకు సరిపోదు.

జర్మనీ బండి సంగతి. ఢిల్లీ చుట్టుపక్కల పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద 2015 నుంచీ ఆంక్షల గొడవ నడుస్తోంది. అందుకే అక్కడి పెద్ద పెద్ద బండ్లు చవగ్గా దొరుకుతాయి. కొనేటప్పుడు చవకే. హెడ్‌లైటు ఒక్కటి పగిలిందనుకో, దానికి మాత్రం ఆ బండి కొత్తగా ఉన్నప్పటి స్థాయిలోనే ధర కట్టాలి. జీతం మీద ఇల్లు గడుపుతున్న పిల్లవి, ఆ టెన్షన్ నీకెందుకు?

రేకు మందం గురించి మాత్రం కాస్త ఆగాలి. తలుపు వేస్తే 'ధబ్' మని బరువుగా మోగితే గట్టి బండి అనుకుంటారు. ఆ చప్పుడు తలుపు చుట్టూ ఉన్న రబ్బరు బీడింగు వల్ల, లోపల అంటించిన మెత్తటి షీట్ల వల్ల కూడా వస్తుంది. గుద్దుకున్నప్పుడు ప్రాణం కాపాడేది మనుషులు కూర్చునే గది. ముందు భాగం నలిగి ఆ దెబ్బని తాను తీసుకోవాలి, గది మాత్రం నలగకూడదు. గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు గంటకు 64 కిలోమీటర్ల వేగంతో బండిని గుద్దించి చూసేది దాన్నే. మన దేశంలోనే ఆ పరీక్ష పెట్టే భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబరులో మొదలైంది. నువ్వు చూసిన మోడల్‌కి ఆ పరీక్షలో భద్రతకి ఎన్ని స్టార్లు వచ్చాయో, అవి ఏ ఏడాది బండికి వచ్చాయో చూసుకో. ఒకే పేరుతో కొత్త మోడల్‌కి వచ్చిన స్టార్లు పాతదానికి వర్తించవు.

నీ బండి 2018ది కదా, ఎయిర్‌బ్యాగులు లెక్కపెట్టు. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది 2019 జూలైలో. అంతకుముందు తక్కువ వేరియంట్లలో చాలావాటికి అది ఉండేది కాదు. ఉన్నా, పనిచేస్తోందా? తాళం తిప్పగానే డాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి, కొన్ని సెకన్లకు ఆరిపోవాలి. ఆరకపోతే అందులో ఏదో లోపం ఉన్నట్టు. అసలు వెలగనే వెలగకపోతే ఇంకా అనుమానించు. ఒకసారి గుద్దుకుని ఎయిర్‌బ్యాగ్ విచ్చుకున్న బండికి కొత్తది వేయకుండా, ఆ లైటు తీగ కత్తిరించేసి అమ్మేవాళ్లు ఉన్నారు. నా చేతులతో అలాంటి డాష్‌బోర్డు విప్పి చూశాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పేరును కాదు, నీ ఎదురుగా నిలబడ్డ ఆ ఒక్క బండిని చూడాలి. అదే కంపెనీ, అదే ఏడాది, అదే రంగు బండ్లు రెండు పక్కపక్కన పెడితే ఒకటి బంగారం, ఇంకొకటి బూడిద అవుతుంది. ఇది నేను డబ్బు పోసి నేర్చుకున్న పాఠం. షెడ్డులో పద్నాలుగేళ్లు పనిచేశాక, చిన్నప్పటి నుంచీ మనసు పడ్డ మోడల్ ఒకటి అమ్మకానికి వచ్చిందని తెలిసి పరుగెత్తాను. మెరిసే కొత్త పెయింటు. ఇంజన్ చప్పుడు విన్నాను, నచ్చింది, డబ్బిచ్చేశాను. ఆ వానాకాలం మీ అత్తతో తెనాలి వెళుతుంటే, ముందు సీట్లో ఒళ్లో పిల్లాణ్ని పెట్టుకుని కూర్చున్న మనిషి "కాళ్లు తడుస్తున్నాయి" అంది. బండి ఆపి మ్యాట్ ఎత్తాను. కింద అరచేయంత బొక్క, అందులోంచి రోడ్డు కనిపిస్తోంది. తుప్పు పట్టిన ఫ్లోరు మీద తారు అట్ట అంటించి, పైన కార్పెట్ పరిచి అమ్మారు. ఆ పక్కనే సీటు బోల్టు, దాని కింద కూడా తుప్పే. పిల్లాడితో సహా ఆ సీటు ఊడి ఉంటే ఏమయ్యేదో తల్చుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. అప్పటి నుంచీ కార్పెట్ ఎత్తకుండా ఏ బండికీ మంచి మాట చెప్పలేదు.

నువ్వూ అక్కడి నుంచే మొదలుపెట్టు. వరదలో మునిగిన బండ్లు ఇప్పుడు మార్కెట్లో కలిసిపోయి తిరుగుతున్నాయి. 2020 అక్టోబరులో మీ హైదరాబాద్ మునిగింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మా సింగ్‌నగర్ వైపు బండ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆ తర్వాత కొన్ని నెలలకు ఒక కుర్రాడు, కొనబోయే బండిని చూసిపెట్టమని మా షెడ్డుకు తెచ్చాడు. లోపలంతా కడిగి, సెంటు కొట్టి ఉంది. నేను డ్రైవర్ సీటు బెల్టు పట్టుకుని, ఇక రానంతవరకూ మొత్తం బయటికి లాగాను. రోజూ మనం లాగేంత మేర శుభ్రంగా ఉంది. చుట్టలో ఉండిపోయే చివరి మూర మాత్రం గోధుమ రంగులో ఉంది. గోటితో గీకితే ఎండిన ఒండ్రు పొడిలా రాలింది. కుర్రాడి ముఖం పాలిపోయింది, అప్పటికే యాభై వేలు అడ్వాన్సు ఇచ్చేశాడు.

మునిగిన బండి రేపే ఆగిపోదు. వైర్లు కలిసే చోట మెల్లగా పచ్చగా చిలుము పడుతుంది. ఎయిర్‌బ్యాగును నడిపే పెట్టె చాలా బండ్లలో గేరు రాడ్ కింద, నేలకి దగ్గరగానే ఉంటుంది. ఆర్నెల్లకో ఏడాదికో ఒక్కొక్కటే మొరాయిస్తుంది, ఏ మెకానిక్కూ మూలం దొరకదు. అందుకే బెల్టు చివరిదాకా లాగు, డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంటలో చెయ్యి పెట్టు, సీట్ల కింద బోల్టులు టార్చి వేసి చూడు.

తర్వాత గుద్దిన గుర్తులు. బానెట్ ఎత్తి, దాని బందులకీ, పక్క ఫెండర్లకీ ఉన్న బోల్టుల తలలు చూడు. ఫ్యాక్టరీలో బిగించాక స్పానర్ తగలకపోతే వాటి మీద పెయింటు చెక్కుచెదరదు. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు బీడింగు కొంచెం లాగితే రేకు మీద గుండ్రటి స్పాట్ వెల్డింగు చుక్కలు వరసగా కనిపించాలి. ఆ చుక్కలు లేకుండా నున్నగా ఉంటే అక్కడ లప్పం పెట్టారన్నమాట. అద్దాలన్నిటి మీదా మూలన చిన్న ముద్ర ఉంటుంది, అందులో ఏడాది కూడా ఉంటుంది. ఒక్క అద్దం మాత్రం వేరే ఏడాదిది అయితే అదెందుకు పగిలిందో అడుగు. రాయి తగిలిందని చెప్పొచ్చు, నిజమే కావచ్చు. బంపరుకి సొట్ట పడి సరిచేయించారంటే నేను పట్టించుకోను, మన ఊళ్లలో సొట్ట పడని బండి లేదు. ఇంజన్ పక్కన ఉండే దన్ను రేకు మీద వెల్డింగు కనిపిస్తే మాత్రం ఎంత తగ్గించినా వద్దు.

మీటరు చూసి మురిసిపోకు. ముప్ఫై వేలు తిరిగిందని చూపించే బండికి బ్రేకు పెడల్ రబ్బరు అరిగి నున్నగా ఉంటే ఆ మీటరు వెనక్కి తిప్పారు. టైరు పక్కన కోడిగుడ్డు ఆకారంలో గీసిన గడిలో నాలుగు అంకెలుంటాయి. 2318 అంటే 2018లో 23వ వారం. బండితో వచ్చిన టైర్లు ఇంకా ఉంటే, గాడి ఎంత లోతుగా ఉన్నా ఇన్నేళ్ల రబ్బరును నమ్మకు. కొత్తవి నాలుగు వేయించుకునే ఖర్చు ధరలోంచి తగ్గించి మాట్లాడు. మొత్తం మీద నీ దగ్గర నాలుగు లక్షలుంటే మూడున్నరలోపే బేరం కుదుర్చుకో. మిగతాది టైర్లకీ, బ్యాటరీకీ, ఆయిళ్లకీ మొదటి నెలలోనే ఖర్చవుతుంది.

ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ గురించి మీవాళ్లు కొట్టుకుంటున్నారన్నావు. ఒకే లీటరు లెక్కన చూస్తే పెట్రోల్‌లో ఉన్న శక్తిలో ఇథనాల్‌కి సుమారు మూడింట రెండొంతులే ఉంటుంది కాబట్టి మైలేజీ కొంత తగ్గుతుంది, అది నిజం. 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లలో పెట్రోల్ తగిలే రబ్బరు భాగాలు దానికి తగ్గట్టు వేశారు, నీది అంతకు ముందుది. ఇథనాల్ నీటిని పీలుస్తుంది. కాబట్టి వారాల తరబడి ఖాళీ ట్యాంకుతో నిలబెట్టకు. సర్వీసుకి ఇచ్చినప్పుడల్లా పెట్రోల్ పైపులు చూడమను. దీనికోసం నిద్ర మానుకోనక్కర్లేదు.

కాగితాల దగ్గర మొహమాటపడకు. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఎన్నో ఓనరు, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా, లోను ఉందా అన్నీ చూడు. లోను తీరిందని నోటిమాట చాలదు. బ్యాంకు తనకి అభ్యంతరం లేదని ఇచ్చే ఎన్‌వోసీ, ఆర్.సి.లో లోను పేరు కొట్టేయించే ఫారం 35 చేతికి రావాలి. బండి నీ పేరు మీదకి మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు నీ ముందే పెట్టించుకో. పెండింగు చలాన్లు అమ్మే ఆయనే కట్టాలి. తెలంగాణ 'టీజీ' నంబరు చూసి కొత్త బండి అనుకోకు. ఆ అక్షరాలు 2024 మార్చి నుంచి వచ్చాయి, వేరే రాష్ట్రం నుంచి తెచ్చి అక్కడ రిజిస్టర్ చేయించిన పాత బండికీ అవే పడతాయి. ఆర్.సి.లో తయారీ నెల, ఏడాది చూడు, ఛాసిస్ నంబరు బండి మీద ఉన్నదాంతో ఒక్కో అక్షరం సరిపోల్చు. ఒకవేళ మన వైపు ఏపీ బండే నచ్చితే, మీ తెలంగాణలో కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ ఎంతో అక్కడి ఆర్టీఏలో కనుక్కున్నాకే ధర మాట్లాడు. కొన్నాక 14 రోజుల్లోపు ఇన్సూరెన్స్ నీ పేరు మీదకి మార్పించు. క్లెయిము చేయనందుకు ఇన్సూరెన్స్‌లో ఆయనకి వచ్చే తగ్గింపు, అదే నో క్లెయిమ్ బోనస్, ఆయనతోనే పోతుంది, దాన్ని కలిపి లెక్కలు చెబితే ఒప్పుకోకు.

శనివారం రాత్రి బస్సెక్కుతున్నాను, ఆదివారం ఏడు గంటలకల్లా మియాపూర్‌లో ఉంటాను. ఆ అమ్మే ఆయనకి ఈరోజే ఫోన్ చేసి, మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని చెప్పు. నేను రాగానే మొదట బానెట్ మీద చెయ్యి పెడతాను, అది చల్లగా ఉండాలి. రాత్రంతా నిలబడ్డ ఇంజన్ మొదటిసారి తిరిగినప్పుడు వచ్చే చప్పుడు, సైలెన్సర్‌లోంచి వచ్చే పొగ నేను చూడాలి. ముందే వేడిచేసి ఉంచితే అవి రెండూ దాక్కుంటాయి. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతోందన్నమాట, టీ కూడా తాగకుండా వచ్చేద్దాం. బాగుంటే నువ్వే నడుపు, నేను పక్కన కూర్చుని వింటాను. పాటలు, ఏసీ ఆపేసి, స్టీరింగు రెండు వైపులా పూర్తిగా తిప్పి, నాలుగు స్పీడ్ బ్రేకర్లు ఎక్కించి దించుదువుగాని.

ఒక మంచి టార్చి, కింద పరుచుకోవడానికి పాత దుప్పటి తెచ్చిపెట్టు. నీ స్నేహితుల్లో రావాలని ఉన్నవాళ్లని కూడా రమ్మను, ఆ జపాన్ ఇంజన్ అబ్బాయి తప్పకుండా రావాలి. బండి కింద పడుకుని చూసేటప్పుడు టార్చి పట్టుకునే మనిషి కావాలి నాకు.

ఇట్లు,
మీ మావయ్య