గాలికి ఊడిన సైడింగ్: క్లెయిమా, సొంత రిపేరా?

ప్రశ్న: మాది ఒహాయోలో, కొలంబస్ దగ్గర. మొన్నటి గాలివానకి పక్క గోడ వినైల్ సైడింగ్ (గోడ బయట తొడిగే ప్లాస్టిక్ పలకలు) మూడు వరసలు ఊడి వేలాడుతోంది. ఇన్సూరెన్స్ క్లెయిమ్ వేయాలా, నేనే బిగించుకోవచ్చా?

జవాబు: ముందు ఫోటోలు తీసుకోండి, తర్వాతే చెయ్యి వేయండి. పాలసీలో గాలి, వడగళ్లకి డిడక్టిబుల్ (కంపెనీ చెల్లించేముందు మీరు భరించాల్సిన వాటా) విడిగా ఉందేమో చూడండి. చాలా పాలసీల్లో అది ఇంటి కవరేజీలో 1 లేదా 2 శాతం, అంటే 4 లక్షల డాలర్ల కవరేజీ ఉంటే 4 నుంచి 8 వేలు మీ జేబులోంచే, మూడు వరసలకి అంత ఖర్చెక్కడవుతుంది? పలకలు పగలకపోతే పని చిన్నదే. జిప్ టూల్ అనే చిన్న కొక్కెం హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది, దాంతో పై పలక అంచు విప్పి, ఊడినదాన్ని కింది పలకకి తగిలించి మేకులు కొట్టాలి. చాలామంది ఇక్కడే పాడుచేస్తారు, మేకు బిగించి కొట్టేస్తారు. వినైల్ ఎండకి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది, కాబట్టి మేకు పొడుగు రంధ్రం మధ్యలో పడాలి, మేకు తలకీ పలకకీ మధ్య ఒక మిల్లీమీటరు సందుండాలి, పలక అటూ ఇటూ జరగాలి. పలకల వెనక నీళ్లు ఆపే పొర, అదే హౌస్ ర్యాప్, చిరిగితే ముందే టేప్ వేయండి. పలక పగిలి మార్చాల్సొస్తే కొత్తదాని రంగు ఎలాగూ కలవదు, ఇంటి వెనక గోడది విప్పి ఇక్కడ పెట్టి కొత్తది వెనక వేసేయండి. రెండో అంతస్తు ఎత్తయితే మాత్రం పనివాళ్లని పిలవండి, అయితే గాలివాన మర్నాడే తలుపు తట్టే కాంట్రాక్టర్లకి అప్పటికప్పుడు సంతకం పెట్టకండి.