గల్ఫ్‌లో ఓడ మీద కేసు వేసేముందు

చి. శ్రీనుకి పెదనాన్న ఆశీస్సులు.

నీ మెసేజ్ మీ నాన్న చూపించాడు. షిప్ యూఏఈలో ఫుజైరా రేవు బయట యాంకరేజ్‌లో (లంగరేసి ఆగే చోట) నిలబడిపోయింది, జీతాలు ఆగి నాలుగో నెల నడుస్తోంది, ఆఫీసువాళ్ళు ఫోన్ ఎత్తడం మానేశారు, పద్నాలుగు మందీ తలా కొంత వేసుకుని దుబాయ్‌లో మంచి మారిటైమ్ లాయర్ని పెట్టుకుందామనుకుంటున్నారు. ఎవర్ని పెట్టుకోమంటావని అడిగావు.

లాయర్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ఆ ఓడని అమ్మితే ఎంతొస్తుంది? వచ్చిన దాంట్లో మీకంటే ముందు చెయ్యి పెట్టేవాళ్ళెవరు? ముందు ఈ రెండూ తేల్చుకో. ఇవి తెలియకుండా లా ఫర్మ్ మెట్లెక్కితే వాళ్ళ ఫీజొక్కటే ఖాయంగా తేలుతుంది. ఇలాంటి పాత ట్యాంకర్ల ఓనర్ అంటే చాలాసార్లు ఏదో దీవిలో రిజిస్టరైన ఒక కంపెనీ పేరు, అంతే. ఆ పేరు మీద ఈ ఓడ తప్ప ఇంకేమీ ఉండదు. కాబట్టి మీరు పట్టుకోవలసింది ఓనర్ని కాదు, ఓడని.

నువ్వు ఇంజినీరువి, లెక్క నువ్వే వెయ్యగలవు. స్టెబిలిటీ బుక్‌లెట్‌లో లైట్‌షిప్ బరువు, అంటే సరుకూ ఇంధనమూ లేని ఖాళీ ఓడ బరువు, ఉంటుంది. పాత ఓడలు విరగ్గొట్టే అలంగ్‌లోనో గడానీలోనో అప్పుడు నడుస్తున్న స్క్రాప్ రేటుతో దాన్ని గుణించు. కోర్టు వేలంలో అంతకన్నా తక్కువే వస్తుందనుకో. అందులోంచి మొదట కోర్టు ఖర్చులు, ఓడని కాపాడిన ఖర్చు, పోర్టు బకాయిలు పోతాయి. ఆ తర్వాతి వరస సిబ్బంది జీతాలది. తాకట్టు పెట్టుకున్న బ్యాంకు మీ వెనకే నిలబడాలి. ఇది మీకు పెద్ద బలం. అలాగని ఓడ ఏళ్ళ తరబడి లంగరు మీదే ఉంటే మీ ముందున్న ఖర్చులు పెరుగుతూ పోతాయి, ఇనుము తుప్పు పడుతూ పోతుంది. ఎమ్‌టీ ఇబా అని ఒక ట్యాంకర్ 2021 జనవరిలో ఉమ్ అల్ ఖువైన్ బీచ్‌కి కొట్టుకొచ్చింది, పేపర్లలో చూసే ఉంటావు. అందులో ఐదుగురు రెండున్నరేళ్ళకు పైగా జీతాల్లేకుండా ఉన్నారు. ఆఖరికి బాకీలో కొంత భాగానికి ఒప్పుకుని ఇళ్ళకు వెళ్ళారు.

లాయర్ కంటే ముందు చెయ్యాల్సిన పని ఇంకోటుంది, దానికి పైసా ఖర్చవదు. మెస్‌రూమ్ దగ్గర నోటీసు బోర్డు చూడు. మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ (ఓడ సిబ్బంది హక్కుల అంతర్జాతీయ ఒప్పందం) కింద సిబ్బందిని వదిలేస్తే ఆదుకునే ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ ఒకటి అక్కడ అతికించి ఉండాలి. 2017 జనవరి నుంచి ఆ ఒప్పందంలో ఉన్న దేశాల జెండా ఎగరేసే ఓడలకి ఇది తప్పనిసరి. రెండు నెలల జీతం ఎగ్గొడితే చాలు, వదిలేసినట్టే లెక్క. తిండి, నీళ్ళు, ఇంటికి టికెట్టు, నాలుగు నెలల వరకు బాకీ జీతం ఆ ఇన్సూరెన్స్ ఇవ్వాలి. నాలుగు నెలల వరకే అన్న మాట రెండుసార్లు చదువుకో. ఐదో నెల నుంచి మీరు పనిచేసేది ఓడ ఇనుము మీద నమ్మకంతోనే. ఓనర్ ప్రీమియం కట్టడం మానేసినా, ఫ్లాగ్ దేశానికి ముప్పై రోజుల ముందు నోటీసివ్వకుండా ఇన్సూరెన్స్‌వాళ్ళు తప్పుకోలేరు. అందుకే ఆలస్యం చెయ్యకు. సర్టిఫికెట్ మీద ఉన్న క్లబ్ (ఓడల ఇన్సూరెన్స్ సంఘం) నంబరుకి ఇవాళే ఫోన్ చేసి, అదే సంగతి ఈమెయిల్‌లో కూడా రాయండి. రవాణా కార్మిక యూనియన్ల సమాఖ్య ఐటీఎఫ్‌కీ, దుబాయ్‌లో మన కాన్సులేట్‌కీ, ముంబైలో షిప్పింగ్ చూసే ప్రభుత్వ ఆఫీసు డీజీ షిప్పింగ్‌కీ కాపీ పెట్టండి. నిన్ను ఎక్కించిన ఏజెంటుకి ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్స్ (ఓడల మీదికి మనుషుల్ని పంపడానికి డీజీ షిప్పింగ్ ఇచ్చే అనుమతి) ఉంటే వాడికీ బాధ్యత ఉంది. డీజీ షిప్పింగ్ పేరు వింటే ఫోన్లు ఎత్తనివాళ్ళు కూడా ఎత్తడం నేను చాలాసార్లు చూశాను.

ఇవన్నీ చేశాకా డబ్బు కదలకపోతే అప్పుడు లాయర్.

దుబాయ్‌లో షిప్పింగ్ పని చేసే పెద్ద పేర్లు నువ్వూ వినే ఉంటావు: క్లైడ్ అండ్ కో, హెచ్‌ఎఫ్‌డబ్ల్యూ, అల్ తమీమి లాంటివి. పనిమంతులే. కాకపోతే ఇలాంటి పెద్ద ఫర్మ్‌లకి ఎక్కువగా పనిచ్చేది ఓనర్లు, పీ అండ్ ఐ క్లబ్బులు (ఇందాక చెప్పిన ఇన్సూరెన్స్ సంఘాలు), బ్యాంకులు, ఓడని అద్దెకి తీసుకునే చార్టరర్లు. మీ ఓడ ఇన్సూరెన్స్‌వాళ్ళే వాళ్ళ క్లయింటైతే మీ కేసు పట్టుకోలేరు, పట్టుకోకూడదు కూడా. అందుకని ఏ ఫర్మ్‌కి ఫోన్ చేసినా కథంతా చెప్పకముందే ఓడ పేరు, ఐఎంఓ నంబరు, ఓనర్ పేరు, క్లబ్ పేరు ఇచ్చి, అవతలివాళ్ళ పని ఏమైనా చేస్తున్నారా అని అడుగు. ఓడ పేరు ఎన్నిసార్లు మారినా ఐఎంఓ నంబరు మారదు. ఈక్వాసిస్ వెబ్‌సైటులో ఆ నంబరు కొడితే ఓనరెవరో, మేనేజరెవరో ఊరికే తెలుస్తుంది. అదే ఓనర్ పేరు మీద ఇంకో ఓడ ఉందని తేలితే లాయర్‌కి తప్పకుండా చెప్పు, దాన్ని కూడా ఆపించే దారి ఉంటుంది.

రెండో మాట, కోర్టులో లేచి మాట్లాడేది ఎవరని అడుగు. మన ఊళ్ళో లాయరంటే కోర్టుకెళ్ళేవాడే. అక్కడ అలా కాదు. ఇంగ్లీషులో నీతో చక్కగా మాట్లాడే ఆయన చాలావరకు లీగల్ కన్సల్టెంట్ అయి ఉంటాడు. కోర్టులో నిలబడేది సాధారణంగా అక్కడి పౌరుడైన అడ్వకేట్, వాదనా కాగితాలూ అరబ్బీలో. దుబాయ్ ఫైనాన్షియల్ సెంటర్‌కి విడిగా ఉన్న డీఐఎఫ్‌సీ కోర్టులో ఇంగ్లీషు నడుస్తుంది కానీ మీ ఓడ ఉన్నది ఫుజైరా నీళ్ళలో. దుబాయ్, అబుదాబి, రాస్ అల్ ఖైమాలకి సొంత కోర్టులున్నాయి. ఫుజైరా, అజ్మాన్, ఉమ్ అల్ ఖువైన్ ఫెడరల్ కోర్టుల కిందికి వస్తాయి. దుబాయ్‌లో అద్దాల ఆఫీసు ఉన్నంత మాత్రాన ఫుజైరా కోర్టులో పేరు నమోదై ఉన్నట్టు కాదు. ఈమధ్య ఫుజైరాలో లేదా ఖోర్‌ఫక్కాన్‌లో ఓడని అరెస్టు చేయించారా (అంటే కోర్టు ఆర్డరుతో కదలకుండా ఆపించారా), జడ్జి గ్యారంటీ అడిగాడా, ఆర్డరు పోర్టువాళ్ళ చేతికి చేరడానికి ఎన్ని రోజులు పట్టింది అని అడుగు. చేసినవాడు తడుముకోకుండా చెప్తాడు. ఇంకోటి, చట్టం మారింది. 1981 నాటి మారిటైమ్ చట్టం పోయి 2023 నాటి 43వ నంబరు డిక్రీ చట్టం 2024 మార్చి నుంచి అమల్లో ఉంది. ఇంకా పాత సెక్షన్లే వల్లిస్తుంటే లేచి వచ్చెయ్.

నా ఇష్టం అడిగితే, ఒకప్పుడు సముద్రం మీద పనిచేసి లాయరైనవాళ్ళున్న మధ్యస్థం ఫర్మ్ మేలంటాను. పోర్టేజ్ బిల్లు (ఓడ సిబ్బంది జీతాల లెక్క) అంటే ఏంటో వాళ్ళకి నువ్వు విడమరిచి చెప్పనక్కర్లేదు. ఇక లాంచిలో వచ్చి "నాకు తెలిసిన లాయరున్నాడు భాయ్" అనేవాళ్ళున్నారే, వాళ్ళకి మీ దగ్గరా కమీషనే, అవతలా కమీషనే.

ఫీజు గురించి మొహమాటపడకు. అరెస్టుకి ఎంత, అసలు కేసుకి ఎంత, అప్పీలుకి ఎంత, పై కోర్టుకి ఎంత, డబ్బు వసూలుకి ఎంత అని విడివిడిగా రాయించుకో. అరబ్బీ తర్జుమా, కోర్టు వేసే లెక్కల నిపుణుడి ఫీజు ఎవరి మీద పడతాయో కూడా అందులోనే ఉండాలి. గెలిచినా అవతలివాడి నుంచి లాయర్ ఫీజు కింద వచ్చేది నామమాత్రమే, దాని మీద ఆశ పెట్టుకోకు. అరెస్టు ఆర్డరు రాగానే పనైపోయిందనీ అనుకోకు. కొద్ది రోజుల గడువులోనే అసలు దావా వెయ్యాలి, లేకపోతే అరెస్టు ఎగిరిపోతుంది. ఒకవేళ బంకర్ (ఓడ ఇంధనం) బాకీ రావలసినవాడో బ్యాంకో ఇప్పటికే ఓడని ఆపించి ఉంటే, మీరు మళ్ళీ మొదటినుంచి ఖర్చు పెట్టే పని లేకపోవచ్చు. ముందు అది కనుక్కోమను.

వకాల్తా మాత్రం ఓడ దిగకముందే అక్కడి నోటరీ దగ్గర అయిపోవాలి. ఇంటికొచ్చి చేద్దామనుకుంటే, యూఏఈ అపోస్టిల్ ఒప్పందంలో (ఒక్క ముద్రతో కాగితం ఇంకో దేశంలో చెల్లే ఏర్పాటు) లేదు కాబట్టి, ఇక్కడ నోటరీ, రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, వాళ్ళ కాన్సులేట్, మళ్ళీ అక్కడ వాళ్ళ విదేశాంగ శాఖ అంటూ ఒక్క కాగితానికి ఇన్ని ముద్రలు పడాలి. పద్నాలుగు మందివి పద్నాలుగు కాగితాలు. కాంట్రాక్టు, సీడీసీలో (నావికుడి సర్వీసు పుస్తకంలో) సైన్ ఆన్ ముద్ర, జీతం స్లిప్పులు, కంపెనీకి రాసిన ఈమెయిళ్ళు, క్రూ లిస్టు అన్నీ ఫోటోలు తీసి ఓడ బయట ఉన్నవాళ్ళెవరికైనా పంపి ఉంచు. "మొత్తం ముట్టింది" అని రాసున్న కాగితం మీద డబ్బు అకౌంట్లో పడకుండా సంతకం పెట్టొద్దు. నెల జీతం, టికెట్టు చూపించి అదే అడుగుతారు. కుర్రాళ్ళు ఇంటి బెంగతో పెట్టేస్తారు, వాళ్ళకి నువ్వే చెప్పాలి.

ఒకవేళ ఓడ కదిలి ఇటువైపు వస్తే కంగారుపడకు. మన 2017 అడ్మిరాల్టీ చట్టంలో సిబ్బంది జీతాల హక్కు ఓడని అంటిపెట్టుకునే ఉంటుంది. ఓనర్ మారినా పోదు, రెండేళ్ళ వరకు నిలుస్తుంది. విశాఖలోనో కాకినాడలోనో లంగరేస్తే అమరావతి హైకోర్టులోనే ఆపించొచ్చు. అక్కడ పని చూసే లాయరు నాకు బాగా తెలుసు.

రేపు సిగ్నల్ దొరికినప్పుడు నోటీసు బోర్డు మీద సర్టిఫికెట్, కాంట్రాక్టు మొదటి పేజీ, స్టెబిలిటీ బుక్‌లెట్‌లో ఆ లైట్‌షిప్ పేజీ ఫోటోలు పంపు. మీ అమ్మకి నేను సర్దిచెప్తాలే.

మీ పెదనాన్న