‘కావాలని చేయలేదు’ అంటే శిక్ష తగ్గుతుందా?

పోయిన నెల మీ తమ్ముడి బండి తగిలి ఒక పెద్దాయన చనిపోయారనీ, కావాలని చేసింది కాదు కాబట్టి కోర్టు కనికరిస్తుందా అనీ అడిగారు. వాళ్ల ఇంటికి వెళ్లి పలకరించవచ్చా అని కూడా అడిగారు. నేను లాయరును కాను. అదే నేరానికి శిక్ష పడి, ఒక నెల సబ్‌జైలులో ఉండి వచ్చినవాణ్ణి.

2012 డిసెంబరు. కూరగాయల లోడు దించి, ఖాళీ ట్రాలీ ఆటోతో విజయవాడ హైవే మీద తిరిగి వస్తున్నాను. తెల్లవారుజాము, దట్టమైన మంచు. పాల క్యాన్లు కట్టుకున్న సైకిలుతో ఒకాయన రోడ్డు దాటుతున్నాడు. నా వేగం అరవై. హైవే మీద అరవై ఎక్కువేమీ కాదని చాలా ఏళ్లు నాతో నేనే వాదించుకున్నాను. పది గజాల అవతల ఏముందో కనిపించని మంచులో అది ఎక్కువే. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు కోర్టు అవసరమైంది.

ఆయన్ను నా ట్రాలీలోనే పడుకోబెట్టి, టీ కొట్టు దగ్గరున్న ఒక కుర్రాణ్ణి తోడు తీసుకుని ప్రభుత్వాసుపత్రికి వెళ్లాను. మధ్యాహ్నానికి ఆయన పోయాడు. నేనే పోలీసు స్టేషనుకు వెళ్లాను. బెయిలు ఇవ్వదగిన సెక్షన్ కాబట్టి స్టేషనులోనే పూచీకత్తు తీసుకుని పంపించారు. ఆ తర్వాత అయిదేళ్లు వాయిదాలు. వాటి గురించి చెప్పడానికేమీ లేదు. వెళ్లడం, పిలిచేదాకా నిలబడటం, రావడం.

నేరం రుజువైందని చెప్పాక, శిక్ష విషయంలో ఏమైనా చెప్పుకుంటావా అని మేజిస్ట్రేటు అడిగారు. మా ప్లీడరు నేర్పిన మాటే చెప్పాను: ‘కావాలని చేయలేదమ్మా.’ ఆమె తల ఎత్తకుండానే, ‘కావాలని చేసి ఉంటే ఈ సెక్షన్ కింద నా ముందు నిలబడేవాడివా?’ అన్నారు. ఆరు నెలలు వేశారు.

కోపం వచ్చింది కానీ, ఆమె చెప్పింది నిజం. ఉద్దేశం లేకపోవడం అనే రాయితీని చట్టం ముందే ఇచ్చేసింది. ఉద్దేశం ఉంటే అది హత్య, ఆ లెక్కే వేరు. పాత శిక్షాస్మృతిలో నిర్లక్ష్యం వల్ల మరణానికి 304ఎ సెక్షన్ ఉండేది. 1870లో చేర్చారు. గరిష్ఠంగా రెండేళ్లు, లేదా జరిమానా, లేదా రెండూ. మీ తమ్ముడికి అది వర్తించదు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది కాబట్టి అందులోని 106(1) వర్తిస్తుంది. దాని కింద అయిదేళ్ల దాకా జైలు వేయవచ్చు, దానితోపాటు జరిమానా కూడా. కనీస శిక్ష అంటూ లేదు. చెప్పకుండా పారిపోతే పదేళ్లన్న 106(2) గురించి విని మీరు భయపడుతున్నట్టున్నారు. 2024 జనవరిలో లారీ డ్రైవర్ల సమ్మెకూ, హైదరాబాదు బంకుల దగ్గర క్యూలకూ కారణం అదే. కొత్త చట్టం మొదలైనప్పుడు ఆ ఒక్క ఉపసెక్షన్‌ను అమల్లోకి తేకుండా పక్కన పెట్టారు. పైగా మీ తమ్ముడు పారిపోలేదంటున్నారు.

అసలు ఎవరి తప్పూ లేకుండా, తగిన జాగ్రత్తతోనే ఉన్నా జరిగిపోయినది నేరమే కాదని అదే చట్టం 18వ సెక్షన్ చెబుతుంది. మనం రెండింటినీ ‘ప్రమాదం’ అనే ఒకే మాటతో పిలుస్తాం, చిక్కంతా అక్కడే వస్తుంది. టైరు ఉన్నట్టుండి పేలిపోవడం వేరు, అరిగిపోయిన టైరుతో ఆరు నెలలు తిరగడం వేరు. అందుకే, బండిలో లోపం ఉందో లేదో పరీక్షించి రాసే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు రిపోర్టు కాపీ ముందుగా సంపాదించండి.

మంచి నడవడి మీద వదిలేసే ప్రొబేషన్ చట్టం 1958 నుంచీ ఉంది. కానీ వాహనం నడిపి మనిషి ప్రాణం తీసిన కేసుల్లో దాన్ని మామూలుగా వర్తింపజేయకూడదని సుప్రీంకోర్టు 2000లో ఒక హర్యానా బస్సు డ్రైవరు కేసులో చెప్పింది. 2015లో మరో కేసు. పంజాబులో కారు ఢీకొని ఇద్దరు చనిపోయారు. నిందితుడు 85,000 రూపాయల పరిహారం కట్టాడని హైకోర్టు శిక్షను అప్పటికే గడిపిన 24 రోజులకు తగ్గిస్తే, సుప్రీంకోర్టు ఒప్పుకోక ఆరు నెలలు చేసింది. డబ్బు కట్టేస్తే సరిపోతుందని మీకు చెప్పినవాళ్లకు ఇది చూపించండి.

నాకు సెషన్స్ కోర్టులో ఆరు నెలలు ఒక నెల అయింది, చనిపోయినాయన కుటుంబానికి 50,000 ఇవ్వమన్నారు. బీమా సొమ్ము వేరే, అది వాహన ప్రమాదాల పరిహారం తేల్చే ట్రైబ్యునల్లో తేలింది. తగ్గడానికి పనికొచ్చింది నా కన్నీళ్లు కాదు. ఆసుపత్రి రిజిస్టరులో ‘తీసుకొచ్చినవారు’ అన్న గడిలో నా పేరు ఉంది. అప్పీలు చూసిన కొత్త ప్లీడరు ఆ ఒక్క కాగితం కోసం మూడుసార్లు ఆసుపత్రి చుట్టూ తిరిగాడు. గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చాలనీ, పోలీసులకు చెప్పాలనీ మోటారు వాహనాల చట్టమే డ్రైవరుకు విధించింది. నేను చేసింది గొప్పేమీ కాదు, అయినా జడ్జి దాన్ని చదివి వినిపించారు. లైసెన్సు సరిగ్గా ఉండటం, తాగి లేకపోవడం, అంతకుముందు కేసులు లేకపోవడం కూడా రాశారు. మీ తమ్ముడి విషయంలో ఇలాంటి కాగితాలు ఇప్పుడే పోగుచేయండి. అయిదేళ్ల తర్వాత రిజిస్టరు దొరకదు.

పెద్దమనుషులను పంపి సాక్షులను తిప్పేయమని మా మేనమామ కూడా అన్నాడు. చాలా కేసులు అలాగే కొట్టేయబడతాయని నాకు తెలుసు. నేను వద్దన్నాను. మేజిస్ట్రేటు కోర్టులో రాజీకి వీలున్న నేరాల్లో ఇది లేదు. సాక్షిని కొంటే అది ఇంకో నేరం.

ఇక మీ రెండో ప్రశ్న. నా కేసులో చనిపోయినాయన కొడుకు సాక్షి కాబట్టి కేసు నడిచినన్నాళ్లూ ఆ గడప తొక్కవద్దని ప్లీడరు చెప్పాడు, తొక్కలేదు. మీరూ మీ ప్లీడరును అడగకుండా వెళ్లకండి. జైలు నుంచి వచ్చాక వెళ్లాను. ఆయన భార్య తిట్టలేదు, కూర్చోమనలేదు. ఆసుపత్రికి తీసుకెళ్తున్నప్పుడు ఏమైనా మాట్లాడాడా అని మాత్రం అడిగింది. అన్నేళ్లలో ఆ మాట ఎవరూ నన్ను అడగలేదు, కోర్టు కూడా. పాలన్నీ ఒలికిపోయాయా అని అడిగాడమ్మా, అని చెప్పాను.