ఫైట్ల మీద మాట్లాడబోతున్న మా అమ్మలుకి

అమ్మలూ,

మీ కాలేజీ ఫిలిం క్లబ్బులో ఇండోనేషియా సినిమా ‘ది రెయిడ్’ వేస్తున్నారని, అందులో ఫైట్లు ఎలా ఉన్నాయో మాట్లాడేది నువ్వేనని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన ఇంట్లో ఫైట్ల గురించి నేను తప్ప ఇంకెవరూ నోరు విప్పింది లేదు, అందుకే పొంగిపోయాను. ఆ సినిమాలో రక్తం గుర్తొచ్చి టెన్షన్ కూడా పడ్డాను. అన్నం తిన్న వెంటనే చూడకు.

రెండుసార్లు చూడు, రెండోసారి సౌండ్ తీసేసి. గుద్దుకి సగం బలం సౌండ్ వల్లే వస్తుంది. అది లేకపోయినా దెబ్బ తగిలిందనే అనిపిస్తే ఆ గొప్ప కొట్టినవాడిది కాదు, తిన్నవాడిది. తల ఎప్పుడు తిప్పాలి, ఏ కాలు మీద నుంచి పడాలి అన్నది అతని పని, కాస్త ఆలస్యమైతే హీరో గాలిని కొట్టినట్టు తేలిపోతుంది.

గుంపు ఫైట్‌లో వెనక నిలబడ్డవాళ్లని చూడు. మన సినిమాల్లో పదిమంది చుట్టూ ఊగుతూ వాళ్ల వంతు కోసం ఆగుతారు కదా, ఈ కథ జరిగే జకార్తా బిల్డింగులో కారిడార్లు ఇరుకు, అందరూ ఒకేసారి మీద పడే చోటే లేదు, కాబట్టి ఎందుకు ఆగారన్న అనుమానమే రాదు. చోటు చూసి ఫైట్ కంపోజ్ చేయడమంటే అదీ. హీరో ఇకో ఉవైస్, విలన్ మనిషి మ్యాడ్ డాగ్‌గా వేసిన యాయన్ రుహియన్ ఇద్దరూ సిలాట్ అనే అక్కడి యుద్ధవిద్య వచ్చినవాళ్లు, ఫైట్లు కూడా వాళ్లే కంపోజ్ చేశారు. దర్శకుడు గారెత్ ఎవాన్స్‌ది వేల్స్. సిలాట్ మీద డాక్యుమెంటరీ తీస్తున్నప్పుడు ఉవైస్ అతని కంటబడ్డాడు, 2009లో ‘మెరంటావ్’ తీశారు, 2011లో ఇది.

ఇప్పుడు అసలు సంగతి. ‘నిజంగా కొట్టుకున్నట్టే ఉంది’ అనే మాట మాత్రం మెచ్చుకోలుగా వాడకు, కోపమొస్తుంది నాకు. చెన్నైలో మాతో పాటు ఒక ఫైటర్ ఉండేవాడు, మీ అమ్మ చేతి పులుసన్నం అంటే ప్రాణం అతనికి. మేడ మీద నుంచి పడే షాట్. కింద అట్టపెట్టెలు పేర్చి, పైన పరుపు వేశారు. మొదటి టేక్ బాగానే వచ్చింది. ఇంకా పవర్ కావాలన్నారు. ఒకసారి మనిషి పడితే ఆ పెట్టెలు నలిగిపోతాయి, వాటిని తీసేసి కొత్తవి పెట్టాలి, అది మా పనిలో అఆలు. వెలుతురు పోతోందని తొందరపడి పెట్టెలు మార్చకుండానే రెండో టేక్‌కి వెళ్లిపోయారు. తుంటి నేరుగా నేలకి తగిలింది. అతను అరిచిన అరుపు నటన కాదు. సినిమాలో ఆ టేకే ఉంచారు, హాల్లో ఆ అరుపుకి ఈలలు పడ్డాయి, ఎంత సహజంగా చేశాడో అని పేపర్లో రాశారు కూడా. ఆ తర్వాత అతను మళ్లీ షాట్ చేయలేదు, నడుము వంగిపోయింది. పెట్టెలు మార్చి ఉంటే ఆ షాట్ అంత బాగానూ వచ్చేది, అతను పొద్దున్నే లేచి మళ్లీ పనికి వచ్చేవాడు. మంచి ఫైట్ అంటే నాకు అదే తల్లీ, చూసేవాళ్లకి నొప్పి తెలియాలి, చేసినవాడు క్షేమంగా ఇంటికి వెళ్లాలి.

అలాగని హింస ఎక్కువైందని ఒక్క మాటలో కొట్టిపారేయకు, అదీ బద్ధకమే. మ్యాడ్ డాగ్ చేతిలో తుపాకీ ఉంటుంది, అయినా పక్కన పెట్టి చేతులతోనే కొట్లాడతాడు. ఆ పొట్టి మనిషి ఎలాంటివాడో డైలాగు కంటే ముందు ఆ పనే చెప్పేస్తుంది. చివర్లో గొలుసుకి వేలాడుతున్న హీరో అన్నని తనే దింపి మరీ అన్నదమ్ములిద్దరితో తలపడతాడు, పగిలిన ట్యూబ్‌లైట్ ముక్క మెడలో దిగినా వెంటనే చావడు. అక్కడ కళ్లు మూసుకోవాలనిపిస్తే మూసుకో, కానీ ఎందుకు మూసుకున్నావో రాసుకో. గోడ వెనక దాక్కున్న హీరో చెంపని కత్తి కోసినప్పుడు అతను అరవకుండా ఆ కత్తి మీది నెత్తురు తుడిచేసే చోట ఒక్క గుద్దు కూడా లేదు, నా లెక్కలో సినిమా మొత్తంలో మంచి ఫైట్ అదే. నువ్వు ఒప్పుకోకపోతే ఎందుకో చెప్పు.

రాసింది ముందు నాకు పంపు. ఆదివారం ఇంట్లోనే ఉంటాను, ఫోన్‌లో కూర్చుని ఒక్కో షాటూ చూద్దాం.

మీ మామయ్య