డ్రాప్ సి ల గరగర: ముందు తీగలు మార్చు, తర్వాత మెడ చూడు

తమ్మీ, మూడేండ్లు ఆగిన ఈమో రాక్ బ్యాండ్‌ను నల్గొండల మళ్ల మొదలువెడుతున్నమన్నవ్. డ్రాప్ సి ల, అంటే తీగలన్ని మామూలుకన్న కిందికి దించిన శృతిల, గిటార్ గరగరమంటుంది, శృతి నిలుస్తలేదన్నవ్. నాకైతే పాత సన్నటి 9-42 తీగల (అంగుళంల వెయ్యో వంతుల లెక్కన మందం) మీదనే అనుమానం. లావు తీగ కెల్లి సి-జి-సి-ఎఫ్-ఏ-డి కి దించితే అవి వదులైతయ్. గట్టిగ కొట్టంగనే ఫ్రెట్లకు (మెడ మీది అడ్డ లోహపు కడ్డీలకు) తాకుతయ్, స్వరం పైకి లేస్తది. లావైన 11-54 సెట్ వెయ్యి. లావు తీగ నట్ (మెడ పైకొన కాడ తీగలు కూసునే పట్టీ) గాడిల ఇరుక్కుంటే ట్యూన్ చేసేటప్పుడు టింగుమంటది. పెన్సిల్ ముల్లు రుద్దు. అయినా కూసోకపోతే రిపేరాయనతోని గాడి వెడల్పు చేయించు.

తర్వాత మొదటి ఫ్రెట్‌కు కేపో (తీగలన్నిటిని నొక్కిపట్టే క్లిప్పు) పెట్టి, లావు తీగను చివరి ఫ్రెట్ కాడ నొక్కి, ఏడో ఫ్రెట్ మీద సందు చూడు. 0.25 మి.మీ. చాలు. ఎక్కువుంటే ట్రస్ రాడ్ (మెడ వంపు సరిచేసే లోపలి కడ్డీ) పావు చుట్టే బిగించి, తెల్లారి మళ్ల చూడు. 12వ ఫ్రెట్ స్వరం ఉండాల్సినదానికన్న పైకి పలికితే శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగ ఆనే ముక్క) వెనక్కి జరుపు. మే నెలల రేకుల గదిల గిటార్ వదిలేస్తే మాత్రం ఇదంతా దండగే.