మేస్త్రి రాసిచ్చే స్టాంపు కాగితం సరిపోతుందా?

ప్రశ్న: సార్, వరంగల్‌లో ఎనుమాముల మార్కెట్ దగ్గర మాకు ధాన్యం గోదాం ఉంది. వానలు పడకముందే పాత సిమెంట్ రేకులు తీసి కొత్తవి వేయించాలి. మేస్త్రికి గుత్తకిచ్చాను, ఆరుగురు కూలీలు వస్తారట. ఎవరైనా కిందపడితే నాకు సంబంధం లేదని మేస్త్రితో, కూలీలతో వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాయించుకుంటే చాలా?

జవాబు: చాలదండీ. పరిహారం అడగబోమని కూలీ సంతకం పెట్టినా అది చెల్లదని 1923 నాటి పరిహార చట్టమే చెప్పింది, దాని స్థానంలో వచ్చిన 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ అదే సూత్రం. మేస్త్రి రాసిచ్చేదేమో మీ ఇద్దరి మధ్య మాట, కూలీ భార్యాపిల్లలు దానికి కట్టుబడరు. వాళ్లు మొదట అడిగేది మేస్త్రినే. రేకులు వేయడం నా వ్యాపారంలో భాగం కాదని మీరు వాదించవచ్చు, ఆ వాదనలో బలముంది, కానీ మేస్త్రి దగ్గర డబ్బు లేదని తేలితే కేసులో మీ పేరూ కలుపుతారు. లెక్క చూడండి: నెలకు 15,000 కూలి మీద, 30 ఏళ్ల మనిషి చనిపోతే, అందులో సగాన్ని ఆ వయసుకు చట్టం పెట్టిన అంకె 207.98తో గుణిస్తారు, 15,59,850 అవుతుంది. ఇక నిర్లక్ష్యం వల్లే ప్రాణం పోయిందని రుజువైతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు, అది మేస్త్రి ఒక్కడితో ఆగాలని ఏమీ లేదు.

కాగితం సంగతి పక్కనపెట్టి, అసలు మనిషి ఎలా పడతాడో చెప్తాను, ఎందుకంటే నేను చూసిన ఫైళ్లలో చాలా వాటిలో అంచు నుంచి జారడం కాదు, కాలు పెట్టిన రేకే విరిగింది. పాత సిమెంట్ రేకు మనిషి బరువు ఆపదు. వెలుతురు కోసం మధ్యలో వేసిన ఫైబర్ రేకు దుమ్ము పట్టి పక్క రేకుల్లాగే కనిపిస్తుంది, అది ఇంకా ప్రమాదం. అందుకే మొదటి దారి, గోదాం ఖాళీ చేసి లోపల పరంజా కట్టి కింది నుంచే బోల్టులు విప్పడం. పైకి ఎక్కక తప్పకపోతే రేకుల మీద వెడల్పు పలకలు వేసి వాటి మీదే నడవాలి, కింద దగ్గరగా వల కట్టాలి.

నడుము బెల్టు వద్దు, ఒళ్లంతా పట్టే హార్నెస్ కావాలి, దాన్ని రేకులను మోసే ఇనుప ట్రస్సుకు కట్టాలి. అదీ ఒక్కటే చాలదు. ఆరడుగుల తాడు, పడ్డప్పుడు కుదుపు తగ్గించే షాక్ అబ్జార్బర్ సాగే మూడున్నర అడుగులు, మనిషి ఎత్తు కలిపితే 15 అడుగుల దాకా అవుతుంది, మీ రేకులు 16 అడుగుల ఎత్తులో ఉంటే హార్నెస్ వేసుకున్నవాడు కూడా నేలకు తగలొచ్చు. వల కావాలనేది అందుకే.

వల, తాళ్లు, పరంజా ఖర్చు గుత్త బేరంలో వేరే అంకెగా రాయండి, లేకపోతే మీరు రేటు తగ్గించమన్నప్పుడు ముందు పోయేవి అవే. ఈ పని జరిగే రోజులకు పరిహార బీమా పాలసీ తీసుకోండి, మేస్త్రి తెచ్చే కూలీలు అందులో ఉన్నారో లేదో అడిగి చూసుకోండి. వాళ్లలో లేబర్ కార్డు లేనివాళ్లుంటే చేయించమనండి. వాన పడ్డ మర్నాడు మాత్రం తడి ఆరేదాకా పైకి పంపకండి, ధాన్యానికి టార్పాలిన్ కప్పుకోండి.